బర్దెనే బండికి నాలుగు పూతల నూనె

క్లెర్వాన్,
9 మే 1900

ఒర్తాన్స్ అక్కకు,

పదకొండేళ్లుగా కొత్త సంవత్సరం కార్డు తప్ప ఇంకేమీ రాయని నేను ఇన్ని కాగితాలు పంపితే, ఎవరో పోయారని కంగారు పడతావు. ఎవరూ పోలేదు. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఆదివారం నుంచి గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది. జపమాల చెప్పుకుంటుంటే మధ్యలో అడ్డం వస్తోంది. నువ్వుండే దియెప్ ఇక్కడికి చాలా దూరం. పైగా పెదనాన్న కూతురివైనా సొంత అక్కలా ఉన్నావు, నన్ను చూసి ఎప్పుడూ నవ్వావే గాని ఛీ అనలేదు. అందుకే ఇన్నాళ్లకి కలం పట్టాను.

నాన్న పోయాక తమ్ముడు ఆన్సెల్మ్ గుర్రపు బండ్ల పని బాగానే నడిపాడు. కిందటేడు బెజాన్సోన్‌లో ఎవరిదో మోటారు బండి చూసి వచ్చాడు. ఆ పూట సూపు కూడా ముట్టలేదు. వారం తిరక్కుండా గుర్రాలని అమ్మేశాడు, గుమ్మం మీద బోర్డు మార్పించాడు. ఇప్పుడు మనది ‘బర్దెనే మోటారు బండ్ల కార్ఖానా’. ఇంజను పనికి తిబూర్స్ అని ఒక మెకానిక్‌ని తెచ్చుకున్నాడు. ముందు గడియారాల పని చేసేవాడట. నెమ్మదస్తుడు, మాట తక్కువ. ఇంజను మూడు వారాల్లో చేసేస్తాడు. ఆ తర్వాత తమ్ముడు రంగు మొదలుపెడతాడు. నాన్న జమీందార్ల బండ్లకి వేసినట్టే పద్దెనిమిది పూతలు, పూతకి పూతకి మధ్య ఆరబెట్టడం, దుమ్ము లేవకుండా నేల తడపడం. ఆ గదిలో ఎవరూ తుమ్మకూడదు. నాలుగు నెలలకి ఒక బండి బయటికి వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం అందులో మొహం చూసుకుని జడ వేసుకోవచ్చు.

సీట్లు ఎదురెదురుగా ఉంటాయి. నడిపేవాడు వెనక కూర్చుని ముందుకి చూస్తాడు. అతిథులు ముందు కూర్చుని అతని మొహం చూస్తారు. మర్యాదకి మర్యాద, కబుర్లకి కబుర్లు అంటాడు తమ్ముడు.

స్టేషను నుంచి హోటళ్లకి బండ్లు నడిపే కోర్బినో గారు, పునీత అన్నమ్మ గుడి కొండ ఎక్కితే ఆరు బండ్లు తీసుకుంటానన్నారు. మొన్న ఆదివారం పూజ అయ్యాక పరీక్ష పెట్టుకున్నారు.

ఇక నా సంగతి. తోలు విషయంలో మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. శనివారం సాయంత్రం షెడ్డులో ఉన్న ప్రతి పగ్గానికీ ప్రతి జీనుకీ గిట్టల నూనె పట్టించాలి. అది ఆడవాళ్ల పని. తోలుకి అన్నం పెట్టారా అని అడిగి గాని నాన్న భోజనానికి కూర్చునేవాడు కాదు. గుర్రాలు పోయాక శనివారాలు నాకు చేతులు కట్టేసినట్టుండేవి. ఆ శనివారం బండిని ఒకసారి చూద్దామని షెడ్డులోకి వెళ్లాను. దాని పొట్ట కింద, ఇంజను నుంచి వెనక చక్రాలకి, రెండు వెడల్పాటి తోలు బెల్టులు ఉన్నాయి. ఎండిపోయి, పైన ఏదో తెల్ల పొడి పట్టి, దిక్కులేనివాళ్లలా కనిపించాయి. ఇంత ఖరీదైన బండికి రంగు పద్దెనిమిది పూతలు, తోలుకి ఒక్కటి కూడా లేదా అనిపించింది. పొడంతా శుభ్రంగా తుడిచాను. నూనె పట్టించాను. తాగుతున్నకొద్దీ పట్టించాను. నాలుగు పూతలు, ఒక్కో పూతకి ఒక మంగళవార్త జపం.

మర్నాడు ఏమైందో వినిపిస్తాను. తమ్ముడు నడిపాడు. ఎదురుగా మన ఫాదర్ పెర్రెనో గారూ కోర్బినో గారూ కూర్చున్నారు. కింద ఫైరు దళం బ్యాండు వాయిస్తోంది. కొండ మొదట్లోనే ఇంజను గర్జిస్తోంది గాని చక్రాలు నిలిచిపోయాయి. ఆ తర్వాత బండి వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. ఆ బ్రేకు ముందుకి పోతుంటేనే పడుతుందట. తమ్ముడు ముందుకే చూస్తున్నాడు. ఎటు పోతున్నారో కనిపించింది ఎదుటి ఇద్దరికే. ఫాదర్ గారు పూజలో పాడినంత నిదానంగా “బర్దెనే గారూ, బ్యాండు” అన్నారు. బ్యాండు వాళ్లు డ్రమ్ము వదిలేసి పరిగెత్తారు. కాసేపటికి “బర్దెనే గారూ, పేడకుప్ప” అన్నారు. అక్కడ ఆగింది.

తిబూర్స్ బెల్టు మీద వేలు పెట్టి చూశాడు. వేలి చివర నుంచి నూనె కారింది. తమ్ముడు అది చూసి, ఇంజనుకి పోసే నూనె డబ్బా అతనే ఒలకబోసి ఉంటాడని తేల్చేశాడు. తాగి చేశాడని కూడా అన్నాడు. అది అందరి ముందూ అన్నాడు, తర్వాత కాఫీ హోటల్లో మళ్లీ అన్నాడు. వచ్చే నెల యోహాను గారి పండుగ వరకే కొలువు, మంచి పనివాడని కాగితం రాసివ్వను అనేశాడు. ఆ కాగితం లేకపోతే ఏ కార్ఖానా గుమ్మమూ ఎక్కనివ్వరు. అతని భార్య నోయెలీకి ఏడో నెల.

ఆ నూనె నాది అక్కా. నేను ప్రార్థన పుస్తకం పట్టుకుని అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. ఏం చేయమంటావు?

నీ చెల్లెలు
ఫిలొమేన్


దియెప్,
15 మే 1900

ఒసేయ్ ఫిలొమేన్,

నీ ఉత్తరం దుకాణంలో విప్పాను. గొడుగు కొనడానికి వచ్చిన ఒకావిడ, నేను కళ్లు తుడుచుకుంటుంటే, పాపం ఏదో చావు కబురనుకుని బేరమాడకుండా కొనుక్కుపోయింది. “బర్దెనే గారూ, పేడకుప్ప.” ఆ ఫాదర్ గారిని నా తరఫున దణ్ణం పెట్టి పలకరించు.

నాలుగు పూతలేంటే? బాబాయి కొత్త జీనుకి కూడా రెండే రాయమనేవాడు. నీకు ప్రేమ ఎక్కువైతే ఎంత ప్రమాదమో ఇప్పటికి రుజువైంది.

నవ్వు అయిపోయింది. ఇప్పుడు విను. ఆ మనిషి పొట్ట మీద నువ్వు నూనె పోశావు. తెలియక పోశావు, సరే. కానీ నోరు మూసుకోవడం తెలిసే చేశావు. నువ్వు గట్టిగా మాట్లాడవని ఊరంతా మెచ్చుకుంటుంది. ఈసారి ఆ మెప్పు వదులుకో. ఆన్సెల్మ్ దగ్గరికి వెళ్లి, ఆ నూనె నేనే రాశాను అని చెప్పు. ఒక్క ముక్క. వాడేం నిన్ను కొట్టడుగా.

ఒర్తాన్స్


క్లెర్వాన్,
25 మే 1900

అక్కా,

చెప్పాను. చెప్పి వారం కావస్తోంది. ఏమీ లాభం లేకపోయింది.

ముందు చేసిన తప్పు ఒప్పుకోవడానికి పాపసంకీర్తనానికి వెళ్లాను. జాలీ అవతల ఉన్నది ఫాదర్ పెర్రెనో గారే. నాలుగు పూతల దగ్గరికి వచ్చేసరికి ఆయనకి దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది. తర్వాత నెమ్మదిగా, ఏ రకం నూనె అని అడిగారు. అది పాపసంకీర్తనంలో అడగాల్సిన ప్రశ్నో కాదో నాకు తెలీదు, చెప్పాను. తమ్ముడితో చెప్పడమే నా ప్రాయశ్చిత్తం అన్నారు. నా బదులు మీరు చెప్తారా అని అడిగాను. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేసి పోవాలమ్మా, నా టోపీ పేడలో పడింది నీ వల్లే అని కూడా నేను ఎవరితోనూ చెప్పుకోలేను అన్నారు.

ఆ సాయంత్రమే భోజనాల దగ్గర చెప్పాను. బంగాళాదుంపల మీద కరిగించిన జున్ను పోస్తూ, ఆ బెల్టులకి నూనె రాసింది నేను అన్నాను.

తమ్ముడు చెంచా కింద పెట్టాడు. నా వైపు చూశాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

“అక్కా, నువ్వు మారవు,” అన్నాడు.

నేను తిబూర్స్‌ని కాపాడటానికి అబద్ధం చెప్తున్నాననుకున్నాడు. ఒక్కొక్కటీ తీశాడు. పదేళ్ల వయసులో వాడు మేడమ్ వెర్డో గారి పిల్లి తోకకి గంట కట్టినప్పుడు నేనే కట్టానని చెప్పి దెబ్బలు తిన్నాను. నాన్న బండి దీపం వాడు పగలగొడితే నేనే అన్నాను. వాడు పూజకి ఎగ్గొట్టి చేపలకి వెళ్లిన రోజు, నాకు కడుపునొప్పి వస్తే తోడున్నాడని కాన్వెంటు మదర్ గారికి చెప్పాను. అవన్నీ నిజమే అక్కా. అవన్నీ అబద్ధాలన్నదీ నిజమే. అప్పుడు పుణ్యమనుకుని పోగేసిందంతా ఇప్పుడు నా ఎదుటే నిలబడి, నా మాట నమ్మొద్దని సాక్ష్యం చెప్తోంది.

ఒట్టు పెట్టబోయాను. వద్దు అక్కా, వాడి కోసం నువ్వు దేవుడి దగ్గర కూడా అబద్ధమాడకు అన్నాడు. మర్నాడు కార్ఖానాలో, మా అక్క దేవత, ఆ తాగుబోతు కోసం నిందని కూడా మోస్తానంటోంది అని చెప్పాడట. దాంతో తిబూర్స్ మీద అందరికీ కోపం ఇంకా పెరిగింది. ముసలి దేవత చేత అబద్ధమాడిస్తున్నాడని.

నేను నోరు తెరవకముందే అతని పరిస్థితి నయంగా ఉండేది.

ఫిలొమేన్


దియెప్,
1 జూన్ 1900

ఫిలొమేన్,

అయితే ఆ పిల్లికి గంట కట్టింది ఆన్సెల్మా? ముప్పై తొమ్మిదేళ్లుగా నేను నువ్వే అనుకుని నీ మీద కాస్త గౌరవం పెంచుకున్నాను. అదీ పోయింది.

వాడు మాట నమ్మడు. వాడికి మాట మీద గురి ఎప్పుడూ లేదు. కర్ర, తోలు, ఇనుము, ఇవి నమ్ముతాడు. మీ నాన్న సరే అన్న చక్రాన్ని కూడా వాడు వేలితో తట్టి చూసేవాడు. కాబట్టి వాడితో ఇంక మాట్లాడకు. చూపించు.

ఇంకొకటి. నువ్వు మూడు పేజీలు రాశావు. అందులో ఫాదర్ గారున్నారు, జున్ను ఉంది, పిల్లి ఉంది. తిబూర్స్ ఏమన్నాడో లేదు. అతనితో చెప్పావా లేదా? చెప్పలేదని నాకు తెలుసు. ముందు ఆ పని చెయ్యి. చేసి రాయి.

ఒర్తాన్స్


క్లెర్వాన్,
15 జూన్ 1900

అక్కా,

నువ్వన్నదే నిజం, చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే వాళ్లింటికి వెళ్లాను. రొట్టె ఒకటి చేసి తీసుకెళ్లాను, అది కూడా తప్పే అనుకో, లంచంలా ఉంది.

తిబూర్స్ కోప్పడి ఉంటే బాగుండేది. ఎన్ని పూతలు అని అడిగాడు. నాలుగు అన్నాను. బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. “ఆ తెల్ల పొడి?” అన్నాడు. తుడిచేశానన్నాను. జారకుండా ఉండాలని ఆ పొడి ఒక పూటంతా కూర్చుని అద్దాడట. రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

నోయెలీ మాత్రం నవ్వలేదు. ఆమెకి నా సగం వయసు కూడా ఉండదు. గుమ్మంలో నడుము మీద చేతులు వేసుకుని నిలబడి అంది:

“మీరు పుణ్యాత్మురాలు, నేను కాదనను. నా మొగుడికి కావలసింది మీ పుణ్యం కాదమ్మగారూ. కాగితం.”

అప్పుడు నీ సలహా చెప్పాను, చూపించాలట అని. ఎలాగో నోయెలీయే తేల్చింది. తిబూర్స్ బండి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఏదో కిటుకు చేశాడంటారు. నూనె రాయడం, బండి కొండ ఎక్కలేకపోవడం, బెల్టులు శుభ్రం చేయడం, బండి కొండ ఎక్కడం, అన్నీ నేనే, ఊరందరి ముందూ చేసి చూపించాలి. అంటే బండి నేను నడపాలి.

నేను ఎప్పుడూ గాడిద బండి కూడా తోలలేదు.

తమ్ముడు గురువారం గురువారం రంగు కోసం బెజాన్సోన్ వెళ్తాడు. ఆ రోజుల్లో పాత రాళ్ల క్వారీలో నాకు పాఠం. రెండు గురువారాలయ్యాయి. చుక్కాని కర్ర ఎటు తిప్పితే బండి అటు పోతుందన్నది మొదటి పాఠం. నాకు భయం వేసి శిలువ గుర్తు వేసుకోవడానికి చెయ్యి తీశాను. బండి ముళ్లకంపలోకి పోయింది. ఫిలొమేన్ గారూ, శిలువ గుర్తు ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి, మధ్యలో వద్దు అన్నాడు తిబూర్స్. కోళ్లు అడ్డం వస్తే నేను బూర కొట్టడానికి బదులు జరగండమ్మా అంటున్నానట. అదీ మానాలట.

అతనికి ఇంకా నా మీద మనసు సమాధానపడలేదు. అవసరమైన మాటే మాట్లాడతాడు. అది న్యాయమే. కానీ నిన్న బండిని వంపులో తిప్పి తీసుకొచ్చి ఆపితే, బాగుంది అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాట పట్టుకుని నడిచాను.

పరీక్ష యోహాను గారి పండుగ రోజు, అతని కొలువు ఆఖరి రోజు. తప్పితే ఇంకో రోజు లేదు. ప్రార్థన చెయ్యి.

ఫిలొమేన్


దియెప్,
19 జూన్ 1900

ఫిలొమేన్,

ఇరవై ఏళ్లుగా మానేసిన ప్రార్థన నీ కోసం ఒకటి చేశాను. చాలాకాలం తర్వాత వినిపించిన గొంతు కదా, ఆయన చెవి పెట్టి ఉంటాడు.

వెడల్పు టోపీ పెట్టుకోకు, గాలికి లేస్తుంది. తలకి గుడ్డ కట్టుకో. కింది పావడాలు రెండు చాలు. ఆన్సెల్మ్ బతిమాలితే కరగకు. నీకు ఆ జబ్బుంది.

ఒర్తాన్స్


క్లెర్వాన్,
26 జూన్ 1900

అక్కా,

పూజ అయింది. గుడి మెట్ల మీద అందరూ ఉండగా తమ్ముడితో, ఈ రోజు నన్ను కాస్త బండిలో కొండ దగ్గరికి తీసుకెళ్లు అన్నాను. సంతోషించాడు. పేడకుప్ప రోజు నుంచి వాడి బండి గురించి మంచిగా అడిగినవాళ్లు లేరు. కొండ కింద దాకా తనే నడిపి తెచ్చాడు. జనం వెనకే వచ్చారు. ఏం జరుగుతుందో తెలియకపోయినా, బర్దెనే బండి కొండ దగ్గరికి వెళ్తోందంటే ఈ ఊళ్లో వంట ఆపి వస్తారు. బ్యాండు వాళ్లు డ్రమ్ముని రోడ్డు అవతల పెట్టుకుని నిలబడ్డారు.

తిబూర్స్ ఎదుటి గోడ దగ్గర రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు. అలా పెట్టుకోమని నోయెలీ చెప్పింది, అందరికీ కనిపించాలని.

నేను బుట్టలోంచి నూనె డబ్బా తీసి బండి కిందకి వంగాను. తమ్ముడు అడ్డం రాబోయాడు. “తమ్ముడూ, కూర్చో,” అన్నాను. నా గొంతు అంత పైకి పోతుందని నాకూ తెలీదు. అతిథుల సీటులో కూర్చున్నాడు. నాలుగు పూతలు రాశాను. అది తొందరగా అయ్యే పని కాదు, జనం ఓపిగ్గా చూశారు. రొట్టెల దుకాణం ఆవిడ, మా అమ్మాయి పెళ్లికి కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ ముస్తాబు చేయలేదు అందట.

ఎక్కి బండి నడిపాను. నేను నడపగలనన్నది చూసే సగం మంది నోరెళ్లబెట్టారు. కొండ మొదట్లో, అదే చోట, ఇంజను గర్జించింది, చక్రాలు నిలిచిపోయాయి. ఈసారి ఫైరు దళం వాళ్లు చక్రాల వెనక రాళ్లు పెట్టారు. తమ్ముడి మొహం పాలిపోయింది.

దిగాను. పెట్రోలుతో బెల్టులు కడిగాను, గుడ్డతో తుడిచాను, ఆరనిచ్చాను, తిబూర్స్ చూపించినట్టే ఆ తెల్ల పొడి అద్దాను. నా ఆదివారం గౌను ఇంక దేనికీ పనికిరాదు. మళ్లీ ఎక్కాను. శిలువ గుర్తు ఒకసారి వేసుకున్నాను.

తమ్ముడు పొడగరి కదా, ఎదురుగా కూర్చుంటే వాడి తల తప్ప నాకు రోడ్డు కనిపించడం లేదు. కొంచెం తల వంచరా అన్నాను. వంచాడు. బండి కదిలింది. తిబూర్స్ ముందు దాటింది, బ్యాండు ముందు దాటింది, ఆ చోటు దాటింది. ఎక్కుతూనే ఉంది. కొండ పొడుగునా వాడు నా ఎదుట తల వంచుకునే కూర్చున్నాడు. కింద నుంచి చూసినవాళ్లు వాడు ప్రార్థన చేస్తున్నాడనుకున్నారట.

పైన గుడి ముందు ఆపాను. ఇక రోడ్డు చూసుకోనక్కర్లేదు. అయినా వాడు తల ఎత్తలేదు.

“నిజంగా నువ్వేనా అక్కా?” అన్నాడు.

“మే నెలలోనే చెప్పాను కదరా.”

“నేను అతన్ని తాగుబోతు అన్నాను,” అన్నాడు.

అవును అన్నాను. నువ్వు కరగకు అన్నావని గుర్తు పెట్టుకుని, ఇంకేమీ కలపలేదు. కలపాలని చాలా అనిపించింది.

వాడు బండి దిగి, కొండంతా నడుచుకుంటూ దిగాడు. నేను వెనకే నెమ్మదిగా తెచ్చాను. వాడు నేరుగా గోడ దగ్గరికి వెళ్లి టోపీ తీసి తిబూర్స్ ముందు నిలబడ్డాడు. తప్పు నాది, నీది కాదు, అందరూ వినండి అన్నాడు. తిబూర్స్ జేబుల్లోంచి చేతులు తీయడానికి నోయెలీ వైపు చూశాడు. ఆమె తల ఊపాక గాని తీయలేదు. ఆ తర్వాత అందరూ కాఫీ హోటల్‌కి వెళ్లారు. మే నెలలో ఏ బల్ల దగ్గర తిట్టాడో ఆ బల్ల దగ్గరే కూర్చుని తమ్ముడు కాగితం రాశాడు. నిజాయితీపరుడు, నిపుణుడు, తాగడు అని రాసి, పైకి చదివి, సంతకం చేశాడు. నోయెలీ అది అందుకుని రెండుసార్లు చదువుకుంది. మడిచి రవికలో పెట్టుకుంది. నా వైపు చూసి, గౌనుకి బూడిద రాసి నానబెట్టండి, మరక కొంత పోతుంది అంది.

ఫాదర్ గారు నన్ను దాటిపోతూ, ఇప్పుడు దగ్గు తగ్గిందమ్మా అన్నారు.

ఫిలొమేన్


దియెప్,
4 జూలై 1900

ఫిలొమేన్,

దుకాణం మూసేసి చదివాను. రెండోసారి చదివినప్పుడు కాస్త ఏడుపు కూడా వచ్చింది, అది నువ్వు పట్టించుకోనక్కర్లేదు. వాడి తల గురించి రాసిన చోట.

కానీ ఆ పేజీలో, కొండ ఎక్కుతున్నప్పటి చోట, “అప్పుడు నాకు” అని మొదలుపెట్టి ఒక వాక్యం మొత్తం కొట్టేశావు. ఎంత గట్టిగా కొట్టేశావంటే కాగితం చిరిగింది. నువ్వు ఉత్తరంలో కొట్టివేతలు ఉంచే మనిషివి కావు. కాన్వెంటులో ఒక్క అక్షరం తప్పు పోతే పేజీ అంతా తిరగరాసేదానివి. ఏముంది అందులో?

ఆ కోర్బినో సంగతేంటి? కార్ఖానా సంగతేంటి?

ఒర్తాన్స్


క్లెర్వాన్,
16 నవంబరు 1900

అక్కా,

నాలుగు నెలలు జవాబివ్వలేదు. నువ్వడిగిన రెండో ప్రశ్నకి తొందరగా చెప్పేయొచ్చు. మొదటిదే పట్టి ఆపింది.

కార్ఖానా మూతపడింది. కోర్బినో గారు బండి కొండ ఎక్కిందని విని ఆగస్టులో వచ్చారు. ఆరు బండ్లు చలికాలం లోపు కావాలన్నారు. తమ్ముడు ఒకటి క్రిస్మస్‌కి, రెండోది ఈస్టరుకి ఇస్తానన్నాడు. పూతలు తగ్గించమని ఆయన బతిమాలారు. మనవాడు ఆ మాట విని, బట్టలు లేకుండా వీధిలోకి వెళ్లమన్నట్టు చూశాడు. ఆయన వేరే కంపెనీలో ఆరూ కొనుక్కున్నారు. ఒక బండి చెప్పిన దోల్ ఊరి డాక్టరు గారు పధ్నాలుగో పూత దగ్గర విసుగొచ్చి మానుకున్నారు. మొత్తం మీద మనవి ఐదు బండ్లు. నాలుగు అమ్ముడయ్యాయి, ఒకటి షెడ్డులో ఉంది. తమ్ముడు ఇప్పుడు లియోన్‌లోని పెద్ద కంపెనీ వాళ్లకి బండి పైభాగాలు చేసి పంపుతున్నాడు. ఇంజను వాళ్ల తలనొప్పి, రంగు నాది అంటాడు. పద్దెనిమిది పూతలే. కులాసాగానే ఉన్నాడు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ మధ్య ఒక కొత్త అలవాటు పట్టుకుంది. నేను చెప్పింది పూర్తయ్యేదాకా ఆగుతున్నాడు.

తిబూర్స్ ఆ కాగితంతో లియోన్‌లో చేరాడు. ఆడపిల్ల పుట్టింది. నా పేరు పెడదామని అతను అన్నాడట, నోయెలీ ఒప్పుకోలేదట. ఆమె అన్నదే సరైనది.

ఇక ఆ కొట్టేసిన వాక్యం.

బండి కొండ ఎక్కుతున్నప్పుడు నాకు తిబూర్స్ గుర్తు లేడు. నోయెలీ గుర్తు లేదు. ఎదురుగా తల వంచుకున్న తమ్ముడు నాకు దారి కనిపించేంత చోటు మాత్రమే. గాలికి తలగుడ్డ ముడి ఊడింది, పట్టుకోవాలని కూడా అనిపించలేదు. యాభై ఏళ్లుగా నేను ఏ బండి ఎక్కినా నా ముందు ఎవరిదో ఒకరి వీపు ఉండేది, నాన్నదో, తమ్ముడిదో, బండివాడిదో. ఆ రోజు ఎవరి వీపూ లేదు. రోడ్డు తిన్నగా నా మీదకి వస్తోంది, నేను దాన్ని మింగేస్తున్నాను. నవ్వాను అక్కా. ఒక మనిషి బతుకు నా చేతిలో ఉన్నప్పుడు నేను పైకి వినపడేలా నవ్వాను. ఇంజను చప్పుడులో తమ్ముడికి వినిపించలేదు.

ఫాదర్ గారికి ఇది చెప్పలేదు. ప్రతి నెలా జాలీ దాకా వెళ్తున్నాను, మిగతావన్నీ చెప్తున్నాను, ఇది చెప్పకుండా లేచి వస్తున్నాను. పశ్చాత్తాపం లేకుండా చెప్తే అది చెప్పినట్టు కాదని మనకి నేర్పారు కదా. వస్తుందేమోనని నాలుగు నెలలు ఎదురుచూశాను. రాలేదు. నిన్న పొద్దున తమ్ముడు ఊళ్లో లేడు, వాన వెలిసింది. షెడ్డులో మిగిలిన బండిని బయటికి తీసి అన్నమ్మ గుడి దాకా ఎక్కించి తెచ్చాను. ఎవరికీ ఏమీ రుజువు చేయాల్సిన పని లేకుండానే. దిగేటప్పుడు గుడిలో ప్రార్థన గంట కొట్టారు, ఆ జపం బండిలోనే చెప్పుకున్నాను. దేవుడికి కోపం వచ్చినట్టు నాకు అనిపించలేదు.

ఈ కాగితాలు చింపకు. నేను ఇలా ఒకసారి రాశానని నాకే నమ్మకం పోతే అడిగి చూసుకుంటాను. గొడుగుల అట్టపెట్టెలో అడుగున దాచిపెట్టు. నీ కొనుగోలుదార్లకి గాని, మన వాళ్లకి గాని, నేను పోయాకైనా సరే, ఎవరికీ చూపించకు.

నీ చెల్లెలు
ఫిలొమేన్